లేచి నిలబడమన్న మాట

మహాదేవమ్మ నీళ్ళ తొట్టి దగ్గర జారి పడింది బుధవారం పొద్దున. అప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. కోడలు నాగలత అప్పటికే బండల పాలీష్ ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, కాసేపు అట్లాగే తడిలో కూర్చుని, గోడ పట్టుకుని తనంతట తనే లేచింది. కుంటుకుంటూ వచ్చి మంచం మీద వాలింది. సాయంత్రం నాగలత తలనిండా రాతిపొడితో ఇల్లు చేరేసరికి పొయ్యి వెలిగించి లేదు. ఆ ఇంట్లో అట్లా ఎప్పుడూ జరగలేదు.

"ఏమత్తా, ఈ పొద్దులో పడుకున్న్యావు?"

"కాలు బెణికినట్టుండాది. రేపటికి పోతాదిలే."

బేతంచెర్లలో ఆ రెండు గదుల ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. మహాదేవమ్మ కొడుకు వీరభద్ర గనుల నుంచి బండలు తోలే లారీ మీద పనిచేసేవాడు. ఆరేళ్ళ కిందట లారీ బోల్తాపడి పోయాడు. పిల్లలు లేరు. దినాలు అయిపోయాక నాగలత అన్న వచ్చి, బట్టలు సర్దుకో, పోదాం అన్నాడు. ఆరోజు మహాదేవమ్మ ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. తాళంచెవి తెచ్చి కోడలి చేతిలో పెట్టి, "నీ ఇష్టం. పోయేటట్లయితే పక్కింట్లో ఇచ్చిపో" అంది. నాగలత పోలేదు. అప్పటినుంచి ఒకరు పనికి పోవడం, ఒకరు వండిపెట్టడం. మాటలు తక్కువే. పొద్దున సద్ది కట్టి గడప పక్కన పెట్టి ఉండేది. సాయంత్రం వేణ్ణీళ్ళు కాగి ఉండేవి. అంతే.

గురువారం మహాదేవమ్మ మంచం దిగలేదు. నాగలత పని మానుకుని ఇంట్లోనే ఉండి, ఒంటికీ రెంటికీ పాత బేసిన్ ఒకటి కిందపెట్టి, ఎత్తి, కడిగి, మళ్ళీ పెట్టి, సాయంత్రానికి నడుము పట్టేసి గోడకు చేరగిలబడింది. ముసలామె సన్నగానే ఉంటుంది గానీ నొప్పికి బిగుసుకుపోయిన మనిషిని ఎత్తడం బండను ఎత్తినట్టే ఉంది. అంతసేపూ మహాదేవమ్మ ముఖం గోడవైపు తిప్పుకునే ఉంది. ఒకరి చేత అట్లా చేయించుకోవడం ఆమెకు చావుతో సమానం.

శుక్రవారం లోడింగు ఉంది, తప్పకుండా రావాలని మేస్త్రీ ఫోను చేశాడు. నాగలత రాత్రి సరిగా నిద్రపోలేదు. ఏడు గంటలకు బయలుదేరాలి. మళ్ళీ బేసిన్ పెట్టాల్సి వచ్చింది. అప్పుడు ఆమెకు విసుగొచ్చింది.

"లేచి నాలుగడుగులు ఎయ్యత్తా. పడుకునేకొద్దీ పట్టేస్తాది."

"వద్దుమే. నాకు తెలుస్తాండాది. వద్దు."

"బుధవారం నడిచొచ్చింది నువ్వే కదా? నేను పట్టుకుంటాండా, లెయ్యి."

చంకల కింద చేతులు వేసి లేపి నిలబెట్టింది. మహాదేవమ్మ ఎడమకాలి మీద బరువు ఆనించింది. లోపల ఏదో విరిగింది. పెద్ద చప్పుడేం కాదు, తడిగుడ్డలో చుట్టిన పుల్ల విరిగినట్టు. ముసలామె అరవలేదు. నోరు తెరుచుకుంది, గొంతు రాలేదు. ఒళ్ళంతా కోడలి గుండెల మీద కూలబడింది. పడుకోబెట్టి చూస్తే ఎడమపాదం పూర్తిగా బయటికి తిరిగిపోయి ఉంది. ఆ కాలు రెండు వేళ్ళంత పొట్టిగా కనిపించింది.

నాగలత గుమ్మంలోకి పరుగెత్తి, పక్కింటి నాగలక్ష్మమ్మను కేక వేసింది. ఆమె వచ్చి చూసి, వెంటనే పోయి ఓబుళేశును పిలుచుకొచ్చింది. ఓబుళేశు కట్లు కట్టే మనిషి. చుట్టుపక్కల గనుల్లో చెయ్యి విరిగినా కాలు విరిగినా ముందు అతని దగ్గరికే పోతారు. అతను మంచం కాళ్ళ వైపు నిలబడి రెండు పాదాలనూ పక్కపక్కన చూశాడు. తెచ్చిన సంచి విప్పనేలేదు.

"కట్టన్నా, శానా నొప్పిగుండాది" అంది నాగలత.

"నేను ముట్టుకోనమ్మా. ముంజెయ్యి అయితే కడతా, మోకాలి కింద అయితే కడతా. ఇది తుంటి. దీనికి కట్టు నిలబడదు. తైలం పెట్టి తోమితే ఇంగా చెడతాది. కర్నూలుకు పో. ఇప్పుడే పో, రేపనొద్దు."

పోయే ముందు మాత్రం రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టి, కాళ్ళు కదలకుండా రెండూ కలిపి చీర ముక్కతో కట్టాడు. నూట ఎనిమిది బండి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.

కర్నూలులో ఎముకల ఆసుపత్రి డాక్టరు పేరు ఉమామహేశ్. నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించాడు.

"ఇది తొడ ఎముక. పైన బంతిలా ఉంది చూడమ్మా, అది గిన్నెలో తిరుగుతుంది. బంతికీ ఎముకకీ మధ్య ఉండే మెడ విరిగిపోయింది. ఈ వయసులో అది అతుక్కోదు, బంతికి రక్తం అందదు. బంతి తీసేసి లోహంతో చేసింది పెట్టాలి. ఖర్చంతా ప్రభుత్వ కార్డు మీద పోతుంది, దాని గురించి దిగులు వద్దు. ఎప్పుడు పడింది?"

"బుధవారం సార్."

"బుధవారమే ఇట్లా విరిగి ఉంటే లేచి మంచం దాకా రాగలిగేది కాదు. ముందు చీలి ఉంటుంది. ఆ తర్వాత మళ్ళీ పడిందా? నడిపించారా?"

నాగలత ఎక్స్‌రే వైపే చూస్తూ, "లేదు సార్" అంది.

మహాదేవమ్మ స్ట్రెచర్ మీద కళ్ళు తెరుచుకునే ఉంది. కోడలి వైపు ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది.

ఇటువంటి ఆపరేషన్ ఎంత త్వరగా చేస్తే అంత మంచిదని, రేపే చేద్దామని డాక్టరు చెప్పాడు. ఆ రేపు రాలేదు. రక్తపరీక్షలో ఒంట్లో ఉప్పు బాగా తగ్గిందని తేలింది. బీపీకి వేసుకునే మాత్ర వల్ల కావచ్చునన్నారు. ఎడమ ఊపిరితిత్తిలో నెమ్ము కూడా మొదలైందట. ఈ స్థితిలో మత్తు ఇవ్వలేనని మత్తు డాక్టరు రాసి పోయాడు. ఉప్పు ఎక్కిస్తే సరిపోతుంది కదా అని నాగలత అడిగింది. గబగబా ఎక్కిస్తే మెదడు దెబ్బతింటుంది, చుక్కచుక్కగానే పెంచాలి అన్నారు.

శనివారం గడిచింది. ఆదివారం వచ్చింది. నర్సు వచ్చినప్పుడల్లా నాగలత లేచి నిలబడేది.

"ఉప్పు ఎంతుండాది సిస్టర్? ఈ పొద్దన్నా చేస్తారా?"

"ఇంకా రావాలమ్మా. నువ్వు కూర్చో."

కూర్చోలేకపోయేది. ముసలామెను కొద్దికొద్దిగా పక్కకు వాల్చి వీపు తుడవాలి. నడుము కింద చర్మం ఎర్రబడింది. చెయ్యి పెడితే మంటలా వేడి. శ్వాస తీసినప్పుడల్లా ఛాతీలో గురగుర వినబడుతోంది. ఆ గురగుర ఆగితే భయం, ఆగకపోతే భయం. వార్డులో ఎవరి దగ్గరికి వచ్చిన చుట్టాలైనా "పాపం, కోడలయినా ఎంత బాగా చూసుకుంటాంది" అంటే ఆమెకు బాత్రూంలోకి పోయి తల గోడకు కొట్టుకోవాలనిపించేది. ఒక్క గంట ఓపిక పట్టి ఉంటే. బేసిన్ ఇంకొక్కసారి పెట్టి ఉంటే. ముందే ఆసుపత్రికి తెచ్చి ఉంటే, చీలిన ఎముకకు రెండు మరలు బిగించి పంపేవాళ్ళని ఎవరో పేషెంటు తాలూకు మనిషి మాటల్లో చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు అన్నం దిగలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆడబిడ్డ శివజ్యోతి వేంపల్లె నుంచి వచ్చింది. వీరభద్రకు చెల్లెలు, అక్కడ ఎరువుల అంగడి నడిపే ధనుంజయ భార్య. తల్లిని చూడగానే మంచం పట్టీ పట్టుకుని నిలబడిపోయింది. కాసేపటికి నాగలతను వరండాలోకి పిలిచింది.

"వదినా, నేను అమ్మను తీసకపోతా. ఆయన బండి మాట్లాడినాడు."

"యాడికి జ్యోతీ? ఎముక విరిగి ఉండాది."

"ఈ వయసులో కోయించేది యాటికి? మా వీధిలో ఒకామె ఇట్లనే పోయింది, బల్ల మీదనే. ఉన్న నాలుగు దినాలు నా యింట్లో పడుకుని ఉంటాది. నేను చేసుకుంటా. ఒంటికీ రెంటికీ అన్నీ నేనే చేసుకుంటా."

"నువ్వు చేస్తావు. ఆమె చేయించుకోవాల కదా."

"నేను కూతుర్ని. సంతకం నేను పెట్టను."

ఇద్దరూ డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన శివజ్యోతి చెప్పిందంతా అడ్డుపడకుండా విన్నాడు.

"ప్రమాదం లేదని నేను చెప్పనమ్మా. గుండె బలహీనంగా ఉంది, నెమ్ము ఉంది. బల్ల మీద పోవచ్చు, తర్వాత పోవచ్చు. కానీ ఇంటికి తీసుకుపోతే ఇక ఎప్పటికీ లేవదు. కదిలిన ప్రతిసారీ విరిగిన ఎముక గుచ్చుకుంటుంది. పుండ్లు పడతాయి, నెమ్ము ముదురుతుంది. అట్లా పడుకున్నవాళ్ళు ఎక్కువ కాలం ఉండరు, ఉన్నన్నాళ్ళూ నొప్పితోనే ఉంటారు. ఆపరేషన్ నడవడానికి మాత్రమే కాదు, ఆ నొప్పి తియ్యడానికి కూడా."

శివజ్యోతి ఏడుస్తూ బయటికి వచ్చింది. సోమవారం పొద్దునకల్లా బండి వస్తుందని మళ్ళీ చెప్పింది. ఆ పూటంతా నాగలత నోట్లో ఒక మాట తిరుగుతూనే ఉంది. నా చేతుల్లో విరిగింది జ్యోతీ, నా చేతుల మీద చావనివ్వకు. నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. నాలుగుసార్లూ మింగింది.

సోమవారం పొద్దున ఉప్పు పెరిగింది. రేపు పొద్దున మొదటి కేసుగా పెట్టుకుంటామని నర్సు చెప్పి, సంతకం కాగితం మంచం మీద పెట్టి పోయింది. దాన్ని ఇద్దరిలో ఎవరూ ముట్టుకోలేదు. బండి కింద వచ్చి ఆగిందని ధనుంజయ ఫోను చేశాడు. శివజ్యోతి సంచి సర్దడం మొదలుపెట్టింది. నాగలత ఆ సంచి పట్టుకుంది. ఇద్దరూ అటొకరు ఇటొకరు లాగుతుంటే పక్క మంచాలవాళ్ళు చూడసాగారు.

"నన్నడిగినారా ఎవరన్నా?"

గొంతు బొంగురుగా, సన్నగా వచ్చింది. రెండు రోజులుగా కలవరిస్తున్న మనిషి నిలకడగా చూస్తోంది. ఇద్దరూ సంచి వదిలేశారు.

"ఆ డాక్టర్ను పిలువండి" అంది మహాదేవమ్మ.

ఉమామహేశ్ వచ్చి మంచం పక్కన వంగాడు. "చెప్పవ్వా."

"కోస్తే నేను దొడ్డికి ఒగరి చెయ్యి పట్టుకోకుండ పోయి రాగలనా? అదొగటి చెప్పు నాయనా. నడిచి గుడికి పోవాల్నని ల్యా, సంతకు పోవాల్నని ల్యా."

డాక్టరు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "ఎత్తుగా కూర్చునే కుర్చీ లాంటిది పెట్టించుకోవాలవ్వా. నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని పోవాలి. చాలామంది పోగలుగుతారు. నువ్వు పోగలవని రాసి ఇవ్వలేను."

"కొయ్యకపోతే?"

"పోలేవు."

"అయితే కొయ్యి."

కాగితం తనే అడిగి తీసుకుని వేలిముద్ర వేసింది. శివజ్యోతి కిందికి పోయి బండిని పంపించేసింది. తిరిగి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది.

మంగళవారం ఎనిమిదింటికి లోపలికి తీసుకుపోయారు. పదింటికి రావలసింది పదకొండయినా రాలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వేరేవాళ్ళెవరో బయటికి వచ్చారు. ఒక నర్సు పరుగున పోయి రక్తం సంచి పట్టుకొచ్చింది. ఎవరికని నాగలత అడిగితే చెప్పకుండానే లోపలికి పోయింది. నాగలత బెంచీ మీద నుంచి లేచి, గోడ పక్కన నేల మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయింది. చంకల కింద వేసి లేపిన చేతులవే. దేవుళ్ళ పేర్లు గుర్తుకు రాలేదు. పోనీకు, పోనీకు అన్న ఒక్క మాటే లోపల తిరిగింది.

పన్నెండున్నరకు డాక్టరు వచ్చాడు. మధ్యలో బీపీ పడిపోయిందనీ, నిలబెట్టామనీ, కీలు బాగా కూర్చుందనీ చెప్పాడు. "ఈ రెండు మూడు రోజులు దాటాలి. మతి చలించినట్టు మాట్లాడొచ్చు, ఈ వయసువాళ్ళకు అది మామూలే. భయపడొద్దు."

భయపడొద్దని చెప్పినా, బుధవారం మధ్యాహ్నం జరిగినదానికి ఎవరూ సిద్ధంగా లేరు. మహాదేవమ్మ చేతికున్న సూదిని పీకేసుకుంది. నెత్తురు దుప్పటంతా అయింది. నాగలత చెయ్యి పట్టుకోబోతే, వెనక్కి నెట్టి, వార్డంతా వినేటట్లు అరిచింది.

"ఈయమ్మను దూరం పంపించండి. వద్దంటే లేపింది. వద్దు వద్దంటాంటే లేపి నా కాలు ఇరగ్గొట్టింది."

నర్సులు వచ్చి పట్టుకున్నారు. ఇట్లాంటివి మామూలేనని, వాళ్ళకు ఏమేమో కనిపిస్తాయని ఒకామె నాగలతను ఓదార్చింది. శివజ్యోతి మాత్రం తల్లిని చూడడం లేదు, వదిన ముఖాన్నే చూస్తోంది.

"మతి ల్యాక అంటాంది కదా వదినా?"

అవునంటే సరిపోయేది. అంతా నమ్మేవాళ్ళు.

"కాదు" అంది నాగలత. "నిజమే. శుక్రవారం పొద్దున. పనికి పోవాల, పొద్దుపోతాందని లేపినా. వద్దన్నాది. నేను వినల్యా."

శివజ్యోతి ఒక అడుగు ముందుకు వేసింది. కొడుతుందేమో అనుకుంది నాగలత. కొడితే బాగుండుననుకుంది. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. మంచానికి అవతలి వైపు స్టూలు జరుపుకుని, నెత్తురంటిన దుప్పటి మార్చి, తల్లి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఇద్దరూ వంతులు వేసుకుని చూసుకున్నారు. ఒకరు లేస్తే ఒకరు కూర్చున్నారు. మాటలు లేవు.

శుక్రవారానికి మహాదేవమ్మ మతి కొంత నిలబడింది. అరిచింది ఏదీ ఆమెకు గుర్తు లేదు. వ్యాయామం చేయించే అమ్మాయి శ్రీవిద్య వాకర్ పట్టుకుని వచ్చింది. ఆపరేషన్ అయిన మరునాడే నిలబెట్టాల్సింది, ఇప్పటికే ఆలస్యమైంది, ఇవాళ లేవకపోతే నెమ్ము ముదురుతుంది అని చెప్పింది. మహాదేవమ్మ మంచం పట్టీని రెండు చేతులా పట్టుకుంది.

"లెయ్యను."

"నొప్పి ఉండదవ్వా, కొత్త కీలు గట్టిగా ఉంది. నేను పట్టుకుంటా."

పట్టుకుంటానన్న మాట వినగానే ముసలామె పట్టీకి ఇంకా దగ్గరగా ముడుచుకుంది. శివజ్యోతి బతిమాలింది. డాక్టరు వచ్చి చెప్పి పోయాడు. పట్టీ మీద వేళ్ళు తెల్లబడ్డాయి గానీ వదల్లేదు. శ్రీవిద్య గడియారం చూసుకుంది. తనకు ఇంకా ఆరుగురు ఉన్నారు.

అంతదాకా గుమ్మం దగ్గర నిలబడి ఉన్న నాగలత వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. అత్త ముఖం ఇప్పుడు ఆమె తలకంటే పైన ఉంది.

"నేను లెయ్యమనను అత్తా. నిన్ను ముట్టుకోను. ఈడనే కూచుంటా. మాపటిదాకా అయినా కూచుంటా. నీకు ఎప్పుడు లెయ్యాలనిపిస్తే అప్పుడు చెప్పు."

శ్రీవిద్య ఇంకో మంచానికి పోయింది. అరగంట గడిచింది. అన్నం బండి వచ్చి పోయింది. మహాదేవమ్మ ఒక చెయ్యి వదిలి మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ వదిలింది. చివరికి కోడలి నెత్తి మీద చెయ్యి పెట్టింది. ప్రేమగా కాదు, ఆనుకోవడానికి.

"గట్టిగా ఉండు" అంది.

నాగలత మెడ బిగబట్టి కదలకుండా కూర్చుంది. ఆ బరువంతా మెడ మీద దిగింది. శివజ్యోతి అటువైపు నుంచి వచ్చి వాకర్ జరిపింది. మహాదేవమ్మ రెండు పాదాల మీద నిలబడింది. పది లెక్కపెట్టే లోపల మళ్ళీ కూర్చుండిపోయింది, చెమటతో తడిసిపోయి, రొప్పుతూ. ఆ రోజుకు అంతే.

ఇదంతా జరిగి నాలుగు నెలలైంది. మహాదేవమ్మ బతికింది. ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది. నేల మీద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. దొడ్లో ఎత్తు కుర్చీ పెట్టించారు. ఎక్కువ రోజులు తనే పోయి వస్తుంది, కొన్ని రోజులు పోలేకపోతుంది. ఆ రోజుల్లో మునుపటిలాగే గోడవైపు ముఖం తిప్పుకుంటుంది. మతి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఉన్నట్టుండి వీరభద్ర ఇంకా రాలేదేమని అడుగుతుంది. రెండుసార్లు పొయ్యి మీద గిన్నె మాడిపోయింది. నాగలత ఫ్యాక్టరీలో పూర్తి పని మానేసి సగం పూటకు మారింది. శివజ్యోతి ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. తల్లితోనే మాట్లాడుతుంది. పోయిన వారం మాత్రం పెట్టేసే ముందు, "వదిన తిన్న్యాదా?" అని అడిగిందట.

ఆ ఆదివారమే నాగలత అత్తకు తల దువ్వుతోంది. మహాదేవమ్మ ఆ పూట తేటగా ఉంది.

"ఆసుపత్రిలో నేను ఏమేమో అరిచినానంట కదా. జ్యోతి చెప్పింది."

దువ్వెన ఆగింది. "అన్న్యావు."

"అబద్ధమేమన్నా అన్న్యానా?"

"ల్యా. నిజమే అన్న్యావు."

మహాదేవమ్మ కాసేపు వీధి వైపు చూసింది. బండల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"డాక్టర్ అడిగినప్పుడు నేనూ గమ్మునుంటి. నువ్వు ల్యా సార్ అంటివి, నేను కండ్లు మూసుకుంటి."

"యాటికి చెప్పల్యా అత్తా?"

"చెప్తే నువ్వు మీ అన్న ఇంటికి పోతావని."

నాగలత చేతిలో ఉన్న నాలుగు తెల్లవెంట్రుకలను మూడు పాయలు చేసి అల్లడం మొదలుపెట్టింది.

"బిగ్గెయ్యి" అంది మహాదేవమ్మ. "లూజుగా ఏస్తే ఊడిపోతాది."